డీజే అడిగిన నిమిషాల పట్టిక ఎలా రాయాలి?

ప్రశ్న: మరో రెండు నెలల్లో నా పెళ్లి. సాయంత్రం నాలుగింటికి తోటలో పెళ్లి తంతు, తర్వాత పక్కనే ఉన్న హాలులో విందు, ప్రసంగాలు, డ్యాన్స్. అతిథులు దాదాపు 180 మంది. డీజేని మాట్లాడుకున్నాం. ఆయన ఒక ఫారం పంపి, ఆ రోజు ఏ నిమిషానికి ఏం జరుగుతుందో నింపి ఇమ్మన్నారు. అక్కడే ఆగిపోయాను. ఫోటోగ్రాఫర్ వెలుతురు ఉండగానే తనకు గంటన్నర కావాలంటున్నారు. విందు ఏడున్నరకు అనుకున్నాం. నాన్న తరఫున ఎనిమిది మంది మాట్లాడతారట. నాకు కాబోయే భర్త 140 పాటల జాబితా తయారు చేసి, అందులో ఒక్కటి కూడా తీసేయనంటున్నారు. పదిన్నరకు సంగీతం ఆపాలి, పదకొండింటికి హాలు ఖాళీ చేయాలి. కాబోయే అత్తగారు పెద్ద చప్పుడు భరించలేరు. మామగారు రెండేళ్ల క్రితం కాలం చేశారు, ఆ కుటుంబంలో పెద్ద దిక్కు ఆవిడే కాబట్టి ఆవిడను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. అసలు ఈ పట్టిక మేం వేయాలా, డీజే వేయాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: పట్టిక వేయాల్సింది మీరు, దాన్ని దిద్దాల్సింది డీజే. మీ ఇంటివాళ్లకు ఏది ముఖ్యమో ఆయనకు తెలియదు. ఏ పనికి నిజంగా ఎంతసేపు పడుతుందో మీకు తెలియదు. ఖాళీ ఫారం పంపడంలో ఆయన తప్పేమీ లేదు. మీరు నింపి పంపాక ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ‘సరే’ అని ఊరుకుంటే మాత్రం కాస్త అనుమానించండి. పని తెలిసిన డీజే దానిమీద నాలుగు చోట్లయినా గీతలు పెట్టి వెనక్కి పంపుతారు.

నిమిషాలు అన్న మాటకు బెదిరిపోకండి. ఆ రోజు మొత్తంలో గడియారానికి కట్టుబడి ఉండేవి అయిదే: నాలుగింటికి తంతు, సూర్యాస్తమయం, వంటవాళ్లు వేడిగా వడ్డించగలిగే వేళ, పదిన్నర, పదకొండు. ఈ అయిదింటినీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. మిగతావన్నీ ‘ఇది అయ్యాక అది’ అన్న వరసలో నడిచేవే. వాటి పక్కన రాసే సమయాలు అంచనాలే తప్ప ఆజ్ఞలు కావు. 6:40కి దంపతుల ప్రవేశం అని రాసి ఊరుకుంటే, 6:40కి మీరు ఇంకా చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉంటారు, లోపల పాట మోగిపోతుంది. అందుకని సమయం పక్కనే సంకేతం కూడా రాయండి: ‘ఇద్దరూ హాలు తలుపు దగ్గరకు వచ్చాక ఫలానా వ్యక్తి చెయ్యి ఎత్తుతారు. అప్పుడు ప్రకటన, ప్రకటన ముగిశాక పాట.’ డీజేకి నిజంగా పనికొచ్చేది ఈ వాక్యం.

ఇప్పుడు చివరి నుంచి వెనక్కి లెక్క వేద్దాం. పదకొండింటికి ఖాళీ చేయాలన్నది అతిథుల సంగతా, డీజే, అలంకరణవాళ్లు, వంటవాళ్లతో సహా అందరి సంగతా? ఈ ఒక్క ప్రశ్న హాలువాళ్లను ఇప్పుడే అడగండి. స్పీకర్లు, స్టాండ్లు, తీగలు విప్పి బండికెక్కించడానికి డీజేకి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. అందరూ వెళ్లిపోవాలన్నది నియమమైతే మీ సంగీతం పదిన్నరకు కాదు, పదింటికే ముగియాలి. అతిథులు మాత్రమే అయితే 10:25కి చివరి పాట, 10:30కి దీపాలు. ఆ దీపాలు వేసే మనిషి ఎవరో కూడా తెలుసుకుని పెట్టుకోండి. పాట ఆగినా హాలు మసక వెలుతురులోనే ఉంటే జనం కదలరు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పెద్ద చిక్కుగా కనిపించింది పాటలూ కాదు, ప్రసంగాలూ కాదు. 4:45కి తంతు ముగుస్తుంది అనుకుందాం. ఫోటోగ్రాఫర్ గంటన్నర తీసుకుంటారు. విందు ఏడున్నరకు. అంటే 180 మంది రెండున్నర గంటలకు పైగా ఏమీ తోచక నిలబడి ఉంటారు. వాళ్లు విసిగిపోయి హాలులోకి వచ్చాక ఏ డీజే ఎంత మంచి పాట వేసినా లేచి రారు. ఫోటోగ్రాఫర్ అడిగిన ప్రతి నిమిషమూ అతిథులు ఎదురుచూసే నిమిషమే అని గుర్తుపెట్టుకుని ఆయనతో మాట్లాడండి. దగ్గరి కుటుంబ సభ్యుల ఫోటోలు తంతుకు ముందే, రెండున్నర ప్రాంతంలో, తీయించేయవచ్చు. బంధువులతో కలిసి తీసే గుంపు ఫోటోలకు ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పది గుంపులంటే అరగంట. ఎవరెవరు ఏ గుంపులో ఉంటారో పేర్లతో ముందే రాసి ఇవ్వండి. అప్పటికప్పుడు ‘పెద్దమ్మ ఎక్కడ’ అని వెతకడానికే సగం సమయం పోతుంది. మీరిద్దరే ఉండే ఫోటోలకు సూర్యుడు దిగే ముందు ఇరవై నిమిషాలు చాలు. ఆ తేదీన సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకుని, దాని ముందున్న గంటలో ఆ ఇరవై నిమిషాలనూ పెట్టండి. విందును ఏడున్నర నుంచి ఏడింటి లోపలికి జరపండి. అంతవరకూ తోటలో తాగడానికీ కొరకడానికీ ఏదో ఒకటి, కూర్చోవడానికి కుర్చీలు, మెల్లగా వినిపించే సంగీతం ఉంటే ఎవరూ గడియారం చూడరు.

ఎవరూ లెక్కలో వేసుకోనిది ఇంకొకటి ఉంది. అంతమంది తోట నుంచి హాలులోకి నడిచి, తమ చోటు వెతుక్కుని కూర్చోవడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. అది కూడా ఎవరో ఒకరు మైకులో పిలిస్తేనే. ఆ పిలుపు డీజే పని అని ఫారంలో రాయండి. లేకపోతే ఆయన వధూవరుల కోసం, వధూవరులు అతిథుల కోసం, అతిథులు పిలుపు కోసం చూస్తూ ఉండిపోతారు.

ఇవన్నీ కలిపితే మీ సాయంత్రం ఇలా వస్తుంది. 3:30 నుంచి అతిథుల రాక, 4:00కి తంతు, 4:45 నుంచి 6:15 దాకా తోటలో పలకరింపులు, ఫోటోలు. 6:15కి హాలులోకి పిలుపు. 6:40కి మీ ప్రవేశం, నాన్నగారి రెండు మాటల స్వాగతం, 6:50కి విందు. ఎనిమిదింటికి ప్రసంగాలు, 8:20 నుంచి 8:40 వరకు ఏమీ లేని ఖాళీ, 8:40కి డ్యాన్స్. ఆ ఖాళీని చూసి ‘వృథా కదా’ అని ఏదైనా పెట్టేయకండి, అది ఆలస్యాల కోసం దాచిన సమయం. ప్రతి అంశం చివరా అయిదేసి నిమిషాలు కలిపితే అవి కనిపించకుండా కరిగిపోతాయి. ఇరవై నిమిషాల ముద్ద ఒకచోట ఉంటేనే ఆలస్యమైన రోజును మళ్లీ దారిలో పెట్టగలుగుతారు. అన్నీ సమయానికే జరిగాయా, డ్యాన్స్ ముందే మొదలవుతుంది.

ప్రసంగాల మాటకొస్తే, ఎనిమిది మంది తలా అయిదు నిమిషాలంటే కాగితం మీద నలభై నిమిషాలు. మైకు చేతులు మారడం, పిలిచిన మనిషి వెనక వరుస నుంచి నడిచి రావడం, ‘నేనేమీ సిద్ధం కాలేదు’ అంటూనే పది నిమిషాలు మాట్లాడడం కలిపితే గంట దాటుతుంది. నలుగురు, తలా మూడు నాలుగు నిమిషాలు, అంతకంటే వద్దు. ఆ నలుగురినీ ఎంచే పని మీరు నెత్తిన వేసుకోవద్దు. సాయంత్రం పట్టిక మొత్తం నాన్నగారి చేతిలో పెట్టి, ‘ప్రసంగాలకు ఇరవై నిమిషాలే ఉంది నాన్నా, ఎవరెవరో మీరే చెప్పండి’ అనండి. పేర్లు ఆయన తగ్గిస్తే అలకలు రావు. మిగిలిన నలుగురూ రెండేసి నిమిషాలు మాట్లాడి పంపే వీడియోలను తోటలో తెర ఉంటే అక్కడ వేయించవచ్చు, లేదా మీరే తర్వాత చూసుకోవచ్చు. ప్రసంగాలను విందు చివర, జనం ఇంకా కూర్చుని ఉండగా పెట్టమనడానికి కారణం ఉంది. వడ్డన మధ్యలో పెడితే పళ్లేల చప్పుడులో మాటలు వినపడవు. ఆకలితో ఉన్నవాళ్ల ముందు పెడితే ఎవరూ వినరు. ఇక డ్యాన్స్ మొదలయ్యాక ఏ కారణంతోనూ దాన్ని ఆపి మైకు ఇవ్వనివ్వకండి. ఒకసారి కూర్చున్న జనాన్ని మళ్లీ లేపడం మొదటిసారి లేపడం కంటే కష్టం, ఈ సంగతి ఏ డీజేని అడిగినా చెబుతారు.

ఇప్పుడు 140 పాటలు. 8:40 నుంచి 10:25 వరకు 105 నిమిషాలు. డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి కలుపుతూ వెళతారు కాబట్టి ఒక్కోటి సగటున మూడు నిమిషాలు అనుకున్నా 35 పాటలు. అతిథులు వచ్చేటప్పుడు, తోటలో, విందులో నెమ్మదిగా వినిపించేవన్నీ కలిపితే మరో 45 పైచిలుకు. ఎంత లాగినా ఎనభై దాటవు. 140 పాటలు పూర్తిగా వినాలంటే ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. ఈ లెక్కను మీవారి ముందు పెట్టి, మూడు చిన్న జాబితాలు అడగండి: తప్పకుండా ఉండాల్సినవి పది, వీలైతే వేయాల్సినవి ఇరవై, ఎట్టిపరిస్థితుల్లోనూ వేయకూడనివి కొన్ని. ఈ మూడోదే డీజేకి ఎక్కువ ఉపయోగం. మీ మనసు కష్టపెట్టే పాట, పిల్లల ముందు వినలేని మాటలున్న పాట, ఎవరైనా అడిగినా సరే వద్దనాల్సిన పాట ఆ జాబితాలోకి వెళతాయి. మిగిలిన ఎంపిక ఆయనకు వదిలేయండి. ఎదురుగా ఉన్న జనాన్ని చూసి తరువాతి పాట ఎంచుకునే విద్యకే మీరు డబ్బు ఇస్తున్నారు. వరస అంతా ముందే రాసి ఇచ్చేటట్లయితే ఫోనుకు స్పీకరు తగిలించుకుంటే సరిపోయేది.

ఒక్క సూచన మాత్రం ఇవ్వండి. డ్యాన్స్ మొదటి అరగంట పెద్దవాళ్ల కాలం నాటి పాటలకు కేటాయించమనండి. వాళ్లు ముందుగా వెళ్లిపోతారు, యువత ఎలాగూ చివరిదాకా ఉంటుంది. పెద్దవాళ్లు నాలుగు అడుగులు వేస్తే మిగతావాళ్ల మొహమాటం పోతుంది. వేగం కూడా మెట్టు మెట్టుగా పెరగాలి. విందు వేళ నిమిషానికి 60 నుంచి 90 తాళాల పాటలు, డ్యాన్స్ మొదట్లో 100 పైన, మంచి ఊపు మీద ఉన్నప్పుడు 120 నుంచి 128. ఆయనకు ఇది చేతి అలవాటే కాబట్టి మీరు అంకెలు చెప్పనక్కరలేదు. అయితే స్వీట్లు తింటున్న జనం మీద ఒక్కసారిగా ఆఖరి గంట పాటలు గుమ్మరించవద్దని చెప్పండి.

మీ నడకకు ఎంచుకున్న పాట విషయంలో కాస్త శ్రద్ధ అవసరం. తోటలో మీరు నడిచి వచ్చే దారి ఎంత పొడవో అడుగులతో కొలవండి. ఇరవై అయిదు మీటర్ల దారిని పెళ్లి నడకలో, అంటే మామూలు కంటే బాగా నెమ్మదిగా, దాటడానికి నలభై సెకన్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. మీకు నచ్చిన పాటలో గొంతు వినిపించే ముందు యాభై సెకన్ల వాద్యసంగీతం ఉందనుకోండి. మీరు వచ్చి కూర్చున్న తర్వాత గానీ మీకు ఇష్టమైన పంక్తి రాదు. అందుకే ముందు రోజు ఎవరినైనా ఆ దారిలో నడిపించి ఫోనులో సమయం చూసి, ‘పాట 0:45 నుంచి మొదలుపెట్టాలి, నేను ఆగగానే మెల్లగా తగ్గించాలి’ అని రాసివ్వండి. పాట పేరు ఒక్కటే ఇస్తే సరిపోదు. ఒకే పాటకు అసలు రికార్డింగ్, వేదిక మీద పాడినది, కొత్తగా చేసినది అని రకరకాలు ఉంటాయి, వాటి ఆరంభాలు వేరువేరుగా ఉంటాయి. మీరు విన్నదానినే పంపి, దాని నిడివి కూడా రాయండి. అవన్నీ తన కంప్యూటర్‌లో దించి పెట్టుకున్నారా అని అడగండి. ఇంటర్నెట్ మీద ఆధారపడితే, 180 ఫోన్లు ఒకేచోట చేరిన సాయంత్రం సిగ్నల్ మొరాయించిందంటే పాట మధ్యలో ఆగుతుంది.

ఆ రోజు డీజేతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. పదిమందిలో పాము చావదంటారు. ‘విందు ఇంకో పావుగంట ఆపండి’ అని మేనమామ, ‘ఇప్పుడే మొదలుపెట్టండి’ అని బాబాయి, ‘పిల్ల తయారవలేదు’ అని పిన్ని చెబితే ఆయన ఎవరి మాట వినాలి? మీరూ మీవారూ ఆ పని చేయకూడదు, అమ్మానాన్నలు అసలే చేయకూడదు. చిన్నపిల్లలు లేని, నలుగురిలో గట్టిగా మాట్లాడగల, ఫోను దగ్గర పెట్టుకునే అలవాటున్న అక్కో స్నేహితురాలో అయితే మంచిది. ఆమె ఫోను నంబరు పట్టిక పైనే ఉండాలి. డీజేకి, ఫోటోగ్రాఫర్‌కి, వంటవాళ్లకి, హాలువాళ్లకి ఒకే కాగితం వెళ్లాలి. ఎవరికి వారికి వేరే పట్టికలు ఇస్తే కేకు కోసేటప్పుడు ఫోటోగ్రాఫర్ భోజనం చేస్తూ కనిపిస్తారు. భోజనమంటే గుర్తొచ్చింది, వీళ్లందరి భోజనం కూడా పట్టికలో ఉండాలి. అతిథులు తింటున్న వేళే వాళ్లు తినేస్తే ప్రసంగాల నాటికి మళ్లీ తమ చోట్లలో ఉంటారు.

మీరు రాయని ప్రశ్న ఒకటి ఉంది, అది మీ అత్తగారి గురించి. ప్రవేశం సమయంలో చాలామంది డీజేలు అలవాటుగా ‘వరుని తల్లిదండ్రులకు స్వాగతం’ అంటారు. ఆ ఒక్క మాట ఆవిడను ఎలా తాకుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఏ ప్రకటనలో ఏ మాటలు వాడాలో మీరే రాసి ఇవ్వండి. ఆవిడను ఆవిడ పేరుతో, ఆవిడ ఎవరితో కలిసి నడుస్తారో ఆ పేరుతో పిలవమనండి. మామగారిని తలుచుకోవడం ఇష్టమేనా, ఇష్టమైతే ఎప్పుడు, ఎవరు తలుచుకోవాలన్నది మీవారిచేత ఆవిడనే అడిగించండి. మైకులో పలికే పేర్లన్నీ నోటితో పలికి ఒక ధ్వని సందేశంగా డీజేకి పంపడం ఇంకా మంచిది. ఇంటిపేర్లు కాగితం మీద చూసి చదివేటప్పుడు తడబడడం మామూలే.

ఆవిడ భరించలేని చప్పుడుకు కూడా మార్గం ఉంది. శబ్దం మొత్తం తగ్గించేస్తే డ్యాన్స్ చచ్చిపోతుంది, కాబట్టి దూరంతో పని చేయించాలి. ఆరుబయట అయితే స్పీకరు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. గోడలున్న హాలులో తగ్గుదల అంత ఉండదు గానీ, తేడా మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఆవిడ టేబుల్‌ను స్పీకర్లకు ఎదురుగా కాక పక్కగా, హాలు రెండో చివర వేయండి. స్పీకర్ల ముఖం డ్యాన్స్ చేసే చోటు మీదికే వంచమనండి. ఇది ఆవిడ ఒక్కరి సుకుమారం అనుకోవద్దు. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అలా 100 దగ్గరకు వచ్చేసరికి పావుగంటే మిగులుతుంది. సంగీత వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. విందు వేళ పక్క మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే అదే సరైన స్థాయి, మీటరు అక్కరలేదు. చంటిపిల్లల టేబుళ్లు కూడా అటువైపే వేయండి.

తోటలో తంతు, హాలులో విందు అన్నారు కాబట్టి రెండు చోట్లా విడివిడిగా స్పీకర్లు ఉంటాయా అని అడగండి. ఒకే సెట్టును తోటలో విప్పి లోపల మళ్లీ బిగించాలంటే, సరిగ్గా అతిథులకు సంగీతం కావలసిన వేళ గంటసేపు నిశ్శబ్దం. తోటలో కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూసుకోండి. హాలులో డీజే కరెంటు లైనూ, వంటవాళ్ల హీటర్ల లైనూ ఒకటే అయితే విందు వేడి చేసే వేళ ఫ్యూజు పోతుంది. పరీక్ష అంతా మూడింటికల్లా ముగియాలంటే ఆయన ఒంటిగంటకే రావాలి, హాలు తలుపులు అప్పటికి తెరిచి ఉండాలి. మైకులు రెండు, కొత్త బ్యాటరీలతో. మాట్లాడేవాళ్లు స్పీకర్ల ముందు నిలబడకుండా వాటి వెనక వైపు నిలబడేలా చోటు గుర్తుపెట్టమనండి. మైకు స్పీకరు ధ్వనినే మళ్లీ పట్టుకుంటే వచ్చే ఆ కీచు అరుపు వీడియోలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఒప్పందంలో చూడాల్సినవి కొన్నే: ఆలస్యమైతే గంటకు ఎంత, ఆయనకు ఒంట్లో బాగులేకపోతే ఎవరు వస్తారు, రెండో కంప్యూటర్ ఉందా, చివరి మార్పులు ఎప్పటిదాకా ఒప్పుకుంటారు. పట్టికను పెళ్లికి పది రోజుల ముందు పంపండి. ఆ తర్వాత ఏది మార్చినా పైన కొత్త తేదీ వేసి అందరికీ మళ్లీ పంపండి.

ఈ వారం మీరు చేయాల్సినవి రెండు ఫోన్లు. ఒకటి హాలువాళ్లకు: పదకొండు ఎవరికి, తలుపులు ఎప్పుడు తెరుస్తారు, కరెంటు లైన్లు ఎన్ని. రెండోది ఫోటోగ్రాఫర్‌కి: ఆ గంటన్నరలో తంతుకు ముందే ఏమేమి తీసేయగలరు. వాళ్ల జవాబులు వచ్చాక డీజే ఫారం తెరవండి, చాలా ఖాళీలు అప్పటికి నిండే ఉంటాయి.